అరులుమరులు - వేలిముద్ర - చట్టం

మన అనంతపురం పల్లెల్లో ముసలివాళ్లకు మతి తప్పితే "అరులుమరులు" అని ఊరుకుంటాం. వైద్యులు దీనినే డిమెన్షియా అంటారు. అన్నం తిన్న సంగతి మరచిన అవ్వకు మరోసారి పెడితే పోయేదేమీ లేదు. చిక్కంతా వేలిముద్ర దగ్గరే వస్తుంది.

కళ్యాణదుర్గం వైపు ఒక రైతు ఉన్నాడనుకొందాం. వానలు లేక వేరుశనగ ఎండిపోయింది. బోరుకు చేసిన అప్పు నెత్తిన ఉంది. పెద్దకొడుకు "నాయనా, ఈడ వేలు పెట్టు" అంటాడు. నాయన పెడతాడు. ఆ దస్తావేజు చెల్లుతుందా?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను రోగం పేరు అడగదు. ఒప్పందం చేసే ఆ సమయాన మనిషి విషయం గ్రహించి, తన లాభనష్టాలు బేరీజు వేసుకోగలడా అనే అడుగుతుంది. పొద్దున తెలివిగా ఉండి మాపటికి కొడుకునే గుర్తించని మనిషి పొద్దున చేసినది చెల్లవచ్చు, మాపటిది చెల్లదు. వీలునామాకు 1925 నాటి వారసత్వ చట్టంలోనూ ఇదే సూత్రం. ఎదుటి మనిషికి మతిస్థిమితం లేదని తోస్తే సబ్‌రిజిస్ట్రారు దస్తావేజును నిరాకరించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నది. ఆ రద్దీలో నాలుగు ప్రశ్నలు అడిగే తీరిక ఎవరికుందన్నది వేరే మాట!

"ముందే జనరల్ పవర్ రాయించుకుంటే పోలా?" అంటారు మిత్రులు. లాభం లేదు. రాసిచ్చినవాని మతి చెడితే 201వ సెక్షను ప్రకారం ఆ అధికారం రద్దు. అవసరపడే నాటికే అది చచ్చిన కాగితం. మతి పోయాక కూడా నిలిచే అధికారపత్రం ఇంగ్లండులో 1985 చట్టంతో వచ్చింది, మనకింకా రాలేదు.

ఇక సంరక్షకుడు. 1890 గార్డియన్ల చట్టం మైనర్లకే. 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు విచారించి ఆస్తికి మేనేజరును నియమించేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో చికిత్సకు ప్రతినిధి ఉన్నాడు గాని పొలానికి లేడు. అందుకే కొన్ని కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కుతున్నాయి.

మిగిలినది 2016 వికలాంగుల హక్కుల చట్టం. అందులో డిమెన్షియా పేరు లేదు. కాని మానసిక వ్యాధి నిర్వచనంలో జ్ఞాపకశక్తి లోపం ఉంది. 14వ సెక్షను కింద పరిమిత సంరక్షకుడు ఒక్కో నిర్ణయానికి, కొంత కాలానికి మాత్రమే, అదీ ఆ మనిషి ఇష్టాన్ని అనుసరించి. 13వ సెక్షను ఇంకా మేలు: స్వప్రయోజనం అడ్డొచ్చే లావాదేవీలో తోడుండేవాడు తప్పుకోవాలి. అంటే పొలం తానే రాయించుకొనే కొడుకు నాయన తరఫున మాట్లాడరాదు.

పోషిస్తామన్న షరతుతో దానపత్రం రాయించుకొని కూడు పెట్టకపోతే, 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునలు దానిని కొట్టివేయవచ్చు. ముసలాయనకు చేతకాకుంటే స్వచ్ఛంద సంస్థ ఆయన పక్షాన అర్జీ పెట్టవచ్చు.