దారి ఎవరిది?

మహాభారతంలోని అరణ్యపర్వంలో అష్టావక్రుని వృత్తాంతం ఉంది. ఎనిమిది వంకరలతో జన్మించిన ఆ బాలుడు, తన తండ్రిని వాదంలో ఓడించిన పండితుని జయించే సంకల్పంతో, మేనమామ శ్వేతకేతువుతో కలిసి జనకమహారాజు యజ్ఞానికి బయలుదేరాడు. ఆ వాదం సంగతి చాలామందికి తెలుసు. అంతకుముందు మార్గమధ్యంలో జరిగిన చిన్న సంఘటనను మాత్రం ఎక్కువమంది గుర్తుంచుకోరు. రాజు ఎదురుగా వస్తున్నందున బాలుని తప్పుకొమ్మన్నారు. అతడు తప్పుకోలేదు. దారి మొదట అంధునిది, తరువాత బధిరునిది, ఆపైన స్త్రీది, బరువు మోసేవానిది. రాజు వంతు వారందరి తరువాతనే అని ధర్మం చెప్పాడు. బ్రాహ్మణుడు ఎదురైతే దారి అతనిదేనన్న మాట కూడా దానికి చివర ఉంది. బాలుడు తన పక్షాన్ని నిలుపుకోవడానికి దానిని వాడుకొన్నాడు. మనకు కావలసింది మొదటి భాగం. జనకుడు దారి విడిచాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అష్టావక్రుడు రాజును దానం అడగలేదు, దయ చూపమనలేదు. దారి అడిగాడు. అదీ తన ఒక్కని కోసం కాక, ఒక వరుసక్రమాన్ని చెప్పి అడిగాడు. నగరనిర్మాణానికి పూనుకొనేవారు మొట్టమొదట తేల్చుకోవలసినది ఆ క్రమాన్నే. మన సాహిత్యమంతా ఈ స్థాయిలోనే ఉన్నదని భ్రమపడనక్కరలేదు. అదే భారతంలో ధృతరాష్ట్రుడు పెద్దవాడై ఉండి కూడా అంధుడైనందున రాజ్యానికి అనర్హుడయ్యాడు. మన సామెతలలో గుడ్డి, కుంటి, చెవిటి అనే మాటలు ఎంత నిర్దయగా దొర్లుతాయో చెప్పనక్కరలేదు.

ఉత్తరాంధ్ర ప్రాంతంలో ఈ విషయానికి చక్కని చారిత్రక దృష్టాంతం ఉంది. విజయనగర సంస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడు అంధుడు. ఆ అబ్బాయికి విద్య చెప్పించే నిమిత్తం పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో ఒక సంగీత పాఠశాలను నెలకొల్పారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులయ్యారు. అదే సంవత్సరం ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వాయులీన ఆచార్యులుగా చేరారు. ఆయనకు చూపు మందం. అక్షరాలు చదవడానికి సహకరించని ఆ కళ్లు, స్వరాన్ని పట్టుకోవడానికి అడ్డు రాలేదు. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ పురస్కారం ఆయనను వరించాయి. తరువాతి కాలంలో ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల ఆ కళాశాలలోనే చదువుకొన్నారు. ఒక్క అంధబాలుని కోసం తెరిచిన తలుపులోనుండి తెలుగుదేశపు గాత్రం ఎంత నడిచి వచ్చిందో ఆలోచించండి.

శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన గిడుగు వెంకట రామమూర్తి జీవితమూ ఇటువంటిదే. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాషను నేర్చుకోవడానికి కొండలలో తిరిగారు. అక్కడ సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. ప్రజల నోటిమాటకు గ్రంథగౌరవం కల్పించాలని జీవితాంతం పోరాడిన వ్యక్తికి ఆ నోటిమాట సరిగా వినిపించేది కాదు! అయినప్పటికీ 1931లో సవరభాషా వ్యాకరణాన్ని, ఆ తరువాత సవర నిఘంటువును వెలువరించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

అయితే ఒకచోట రాజానుగ్రహం, మరొకచోట అసాధారణమైన పట్టుదల పనిచేశాయి. ప్రతి బాలునికీ మహారాజు దొరకడు. ప్రతి బధిరుడూ గిడుగు కానక్కరలేదు. సామాన్యుడు సామాన్యంగానే జీవించగలగాలి. బడికి, బజారుకు, కచేరీకి వెళ్లి రాగలగాలి. అందుకు అవసరమైన ఏర్పాట్లు ఊరే చేయాలి.

స్వతంత్ర భారతంలో ఆ బాధ్యతను చట్టం స్వీకరించింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించగా, మరుసటి ఏడాది భారతదేశం దానికి కట్టుబడింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. అందులో కంటికి కనిపించనివి కూడా ఉన్నాయి. మన్యంలోని గిరిజనులను పీడించే సికిల్ సెల్ వ్యాధి వాటిలో ఒకటి. అందరికీ అందుబాటుగా ఉండే విధంగా నక్షా లేని భవనానికి అనుమతి ఇవ్వరాదని, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను నిబంధనలు వెలువడిన నాటినుండి ఐదేళ్లలోపు సవరించాలని ఆ చట్టం ఆదేశించింది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడ్డాయి కనుక ఆ గడువు 2022లోనే తీరిపోయింది. రాజీవ్ రాతూరి అనే దృష్టిలోపం గల పౌరుడు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017లో ఒకసారి, 2024 నవంబరులో మరొకసారి తీర్పు చెప్పవలసి వచ్చింది. రెండవ తీర్పులో, ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలుగా రూపొందించాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. చట్టానికీ ఆచరణకూ మధ్యనున్న దూరం దీనివల్ల తెలుస్తుంది.

వికలాంగుల సంక్షేమం అనగానే మనకు మొదట స్ఫురించేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలైంది. దానిని ఇంటివద్దకే తెచ్చి ఇస్తున్నారు. ఇది ఎంతో మెచ్చదగిన విషయం. కాని ఆ డబ్బు గడప దాటి లోపలికి వచ్చినంత సులభంగా, దానిని పుచ్చుకొన్న మనిషి గడప దాటి బయటికి వెళ్లగలుగుతున్నాడా? ఈ ప్రశ్నకు సమాధానం పింఛను పుస్తకంలో దొరకదు, వీధిలో దొరుకుతుంది.

విజయనగరంలో రైల్వేస్టేషను నుండి గంటస్తంభం మీదుగా మూడులాంతర్ల వరకు చక్రాల కుర్చీలో బయలుదేరిన వ్యక్తిని ఊహించుకోండి. కాలువ మీద వేసిన పలకలే చాలాచోట్ల కాలిబాట. ఒక పలక ఎత్తుగా, మరొకటి పల్లంగా ఉంటుంది. నడుమ ఒకటి లేకపోవచ్చు. దుకాణాల మెట్లు, నిలిపిన ద్విచక్రవాహనాలు మిగిలిన జాగాను ఆక్రమిస్తాయి. చివరికి ఆ కుర్చీ బస్సులు, ఆటోల నడుమ నడిరోడ్డు మీదికి రాక తప్పదు. శ్రీకాకుళం వాసి కష్టం మరొక రకం. ఆ ఊరి పేరుతో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంది. రైలు దిగినవారు బస్సో ఆటోనో ఎక్కనిదే పట్టణం చేరలేరు. ఆర్టీసీ బస్సులో వికలాంగులకు ఛార్జీలో రాయితీ ఉంది. బస్సు మొదటి మెట్టు ఎత్తులో మాత్రం రాయితీ లేదు.

ఇదంతా అసాధ్యమైన పని కాదని విజయనగరం ప్రతి సంవత్సరం నిరూపిస్తూనే ఉంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. అంత పొడవైన మాను, దాని కొనపై కూర్చున్న పూజారి గుడినుండి కోటవరకు మూడుసార్లు తిరగడానికి ఎంత దారి కావాలో అంత దారిని ఊరు సిద్ధం చేస్తుంది. అడ్డంకులు తొలగుతాయి, జనం పక్కకు జరుగుతారు. ఒక్కరోజు చేయగలిగినదానిలో కొంతైనా తక్కిన దినాలలో చేయలేమా?

చేయవలసినవి మరీ పెద్ద పనులు కావు. చక్రాల కుర్చీ సులువుగా దూరడానికి తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండాలి. అది చుట్టూ తిరగడానికి సుమారు మీటరున్నర జాగా కావాలి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున వాలుగా ఉండాలి. అంతకన్న నిటారుగా ఉంటే ఎక్కేవారికి శ్రమ, దిగేవారికి ప్రమాదం. జాగా చాలదని నిటారుగా కట్టి, అంతటితో పని ముగిసిందనుకొనేవారు తరచుగా కనిపిస్తారు. అటువంటి ర్యాంపు కన్న లేకపోవడమే మేలు, ఎందుకంటే అది ఉన్నదని కాగితాలలో నమోదవుతుంది. అంధుల కోసం జపాను దేశస్థుడు సెయిచీ మియాకే 1965లో ఒక ప్రత్యేకమైన నేలపలకను రూపొందించారు. దానిని 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు. పలకమీది పొడుగాటి గీతలు సాగిపొమ్మని, బొడిపెలు ఆగమని పాదానికి తెలుపుతాయి. మన రైల్వే ప్లాట్‌ఫారాలపై పసుపుపచ్చగా కనిపించే పలకలు వాటి సంతతే. వాటిమీద సామాన్లు పేర్చడం, బండ్లు నిలపడం ఎంతటి అపచారమో వాటి అర్థం తెలియనివారికి తోచదు. బధిరులకు అక్షరం కావాలి: బస్సు వచ్చిందన్న కేకతోపాటు పలకమీద రాత, ఆసుపత్రిలో పిలిచే పేరుతోపాటు కనిపించే సంఖ్య. మేధోవైకల్యం గలవారికి సులభమైన మాట, ఓపికగల గుమాస్తా కావాలి. దీనికి సిమెంటు అవసరం లేదు.

ఈ జిల్లాలకు తుపానుల బెడద ఉన్నది కనుక మరొక విషయం చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. అటువంటి రాత్రి మైకులో చెప్పే హెచ్చరిక చెవిటివారికి చేరదు. విన్న వృద్ధుడు లేచి నడవలేకపోవచ్చు. పునరావాస కేంద్రానికి చేరినా దాని మెట్లు ఎక్కలేకపోవచ్చు. అందుకే 2016 చట్టం, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన పరిధిలోని వికలాంగుల వివరాలను నమోదుచేసి ఉంచాలని నిర్దేశించింది. ఏ వీధిలో ఎవరున్నారో, ఎవరిని ఎవరు ఎత్తుకొని తేవాలో ముందే రాసిపెట్టుకోవడం ప్రాణానికి సంబంధించిన పని.

ప్రణాళిక లెక్కతోనే మొదలవుతుంది. 2011 జనాభా లెక్కలలో దేశంలో 2 కోట్ల 68 లక్షలమంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా వికలాంగులు నమోదయ్యారు. పట్టణానికి కావలసినది మాత్రం వార్డు వారీ లెక్క. 2019లో ఏర్పడిన వార్డు సచివాలయాలు కచేరీని ఇంటికి చేరువ చేసి ఈ లెక్కకు వీలు కల్పించాయి. సచివాలయం మేడమీద ఉంటే ఆ చేరువ వలన ప్రయోజనం ఏముంది? కొత్త రోడ్డు వేసేముందు, ఆ వీధిలో చేతికర్రతో నడిచే వ్యక్తిని ఇంజనీరు తన వెంట ఒకసారి తీసుకొని వెళ్లడం కూడా ప్రణాళికలో భాగమే.

పేర్ల విషయంలో మనం చాలా శ్రద్ధ చూపాం. అవిటివారు వికలాంగులయ్యారు, కేంద్రం దివ్యాంగులన్నది, రాష్ట్రం విభిన్న ప్రతిభావంతులన్నది. భాషోపాధ్యాయునిగా గౌరవప్రదమైన మాటను నేను కాదనను. కాని కార్యాలయం ముందున్న బోర్డుపై పేరు మూడుసార్లు మారినా, దాని కింది మెట్లు మారకపోతే ఆ పేరుతో పిలిపించుకొనేవారు లోపలికి రాలేరు. అరణ్యపర్వంలోని వరుసలో బరువు మోసేవాడు కూడా ఉన్నాడు కదా. ర్యాంపు కట్టిన చోట కుర్చీలో వచ్చినవారితోపాటు గర్భిణి, మోకాళ్ల నొప్పులున్న అవ్వ, బియ్యపు బస్తా మోసే కూలీ కూడా దానిమీదుగానే నడుస్తారు.

ఈ పాఠం చదివిన విద్యార్థులు ఒక టేపు తీసుకొని తమ కళాశాల ముఖద్వారం దగ్గరకు వెళ్లాలి. మూడు మెట్లు కలిపి 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, ర్యాంపు పొడవు 5 మీటర్ల 40 సెంటీమీటర్లకు తగ్గరాదు. తరువాత గ్రంథాలయం తలుపు, ప్రయోగశాల గడప, మరుగుదొడ్డి కొలవాలి. వచ్చిన కొలతలను తేదీతో సహా రాసి ప్రిన్సిపాలుగారికి అందజేసి, ఒక ప్రతిని తమవద్ద ఉంచుకోవాలి.