ప్రతిరూపక వ్యవహారము: చేతి గడియారము చెప్పు పాఠము

శ్రావకుని అచౌర్యాణువ్రతమునకు ఐదు అతిచారములను ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము 7వ అధ్యాయమున పేర్కొనిరి. అవి దొంగను ప్రోత్సహించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యనిషేధమును మీరిన వర్తకము, తూనికలలో కొలతలలో మోసము, ప్రతిరూపక వ్యవహారము. కడపటిదనగా మేలు సరుకు పేర నకిలీని చెలామణి చేయుట.

దీనిని చేతి గడియారముతో పరిశీలింతము. రోలెక్స్ అను పేరు 1908లో నమోదైనది. 1926లో ఆ సంస్థ నీరు చొరని గడియారమును వెలువరించినది. నకిలీ చేయువాడు ఇన్నేండ్ల శ్రమను విడిచి, పేరును మాత్రము అపహరించును. మన దేశమున 1999 ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము అట్టి సరుకు అమ్మినవారికి సాధారణముగా 6 నెలల నుండి 3 సంవత్సరముల ఖైదు, 50,000 నుండి 2 లక్షల రూపాయల జరిమానా కలవు.

"నేను అమ్ముటలేదు గదా, తెలిసియే కొని పెట్టుకొంటిని, మోసమెక్కడ?" అని మన యువకులు అడుగవచ్చును. అపహరించిన పేరునకు వెల ఇచ్చినప్పుడే రెండవ అతిచారము దాపునకు వచ్చినది. ఇక ధరించుట ఎవరికొరకు? కాలము తెలియుటకు హోసూరున తయారగు టైటాన్ చాలును. పెండ్లిచూపులలో, బేరములలో లేని కలిమిని ఎదుటివారు నమ్మవలెననియే గదా! ఆ నమ్మకమే ఇచ్చట చెలామణి యగు నకిలీ సరుకు.

వర్తకునకు పరపతియే మూలధనము. మణికట్టుమీది పేరు అబద్ధమని కనిపెట్టిన ఖాతాదారు, మరునాడు మన త్రాసును గూడ అనుమానించును. ఆతనిని తప్పుపట్టగలమా?