బాల నియమాలు – ప్రౌఢ నియమాలు

బాలవ్యాకరణం, ప్రౌఢవ్యాకరణం అనే పేర్లు మన తెలుగు విద్యార్థులు వినే ఉంటారు. చిన్నయసూరి చెప్పగా మిగిలిన విషయాలను బహుజనపల్లి సీతారామాచార్యులు రెండవ గ్రంథంలో చెప్పారు. దానికి 'త్రిలింగ లక్షణ శేషము' అని మరొక పేరు. శేషమన్న మాటలోనే రెండింటి సంబంధం తెలుస్తున్నది. రెండవది చదవడానికి మొదటిదాన్ని మరచిపోనక్కరలేదు. అమెరికాలో ఒక ఆటకు కూడ ఇట్లే బాల, ప్రౌఢ నియమాలు ఏర్పడ్డాయి. కాని అక్కడ ఈ సంబంధం కుదరలేదు.

ఆ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో దానిని వెలువరించారు. ఒకరు కథ నడిపిస్తారు; తక్కినవారు యోధుడు, మాంత్రికుడు మొదలైన పాత్రలు వహించి, తామేమి చేయదలచినదీ నోటితో చెబుతారు. ఫలితం సందేహమైనచోట పాచికలు వేస్తారు. అనుభవం పెరిగినకొద్దీ పాత్ర ఒక్కొక్క స్థాయి పైకి పోతుంది. తొలి పుస్తకాలు యుద్ధక్రీడలు ఎరిగినవారి కోసం వ్రాసినవి. కొత్తవారికి అవి కొరకరాని కొయ్యలు.

నాడీవైద్య ఆచార్యుడైన ఎరిక్ హోమ్స్ వాటిని సులభపరచగా, 1977లో 'బేసిక్' పెట్టె వచ్చింది. అందులో మూడు స్థాయిలే. ఆపైకి 'అడ్వాన్స్‌డ్' గ్రంథాలు చూడుమన్నారు. తీరా ఆటగాళ్ల గ్రంథం 1978లో గాని, కథ నడిపేవారి గ్రంథం 1979లో గాని రాలేదు!

ఆలస్యం క్షమింపదగినదే. అసలు చిక్కు వేరు. 1981లో సవరించిన బేసిక్‌లో ఎల్ఫ్ అన్నది ఒక జాతి పేరేగాక వృత్తి పేరు కూడ. ఆ పాత్ర కత్తీ పడుతుంది, మంత్రమూ చదువుతుంది. అడ్వాన్స్‌డ్‌లో జాతి వేరు, వృత్తి వేరు. యోధుని ప్రాణబలానికి బేసిక్‌లో ఎనిమిది ముఖాల పాచిక, అడ్వాన్స్‌డ్‌లో పది ముఖాలది. పేర్లు అవే, లెక్కలు వేరు. పూర్తిగా కొత్తదైతే శ్రద్ధగా నేర్చుకుంటాం; సగం తెలిసినట్లు కనిపించేదే మనలను తడబరుస్తుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. సులభంగా ఉంటుందని, అత్తునకు అచ్చు పరమైతే సంధి తప్పదని ఒక తరగతిలో చెప్పి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఒక విద్యార్థి 'అమ్మ యిచ్చెను' అన్న ప్రయోగం చూపి, "సార్, మీరు చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేయలేదేం?" అన్నాడు. 'బహుళము' అన్న ఒక్క మాట మొదటే చెప్పి ఉంటే సరిపోయేది. దాని వివరమంతా తరువాత చెప్పినా నష్టం లేదు.

1983లో ఫ్రాంక్ మెంట్జర్ కూర్చిన బేసిక్ మాత్రం బోధన దృష్ట్యా ప్రశంసనీయం. పుస్తకం తెరవగానే పట్టికలు ఎదురుకావు. పాఠకుడే యోధుడై గుహలోకి వెళతాడు. శత్రువు ఎదురైనప్పుడే పాచిక వేయడం నేర్చుకుంటాడు. దారిలో స్నేహితురాలైన అలీనా ఒక మాంత్రికుని మంత్రానికి బలి అవుతుంది. ఇక మంత్రశక్తి అంటే ఏమిటో ఆ పాఠకునికి వేరే చెప్పాలా?

అయినా ఆ బేసిక్ కూడ అడ్వాన్స్‌డ్‌కు దారి తీయలేదు. 1986 నాటికి అది తన పైమెట్లు తానే కట్టుకున్నది. రెండు ఆటలు పక్కపక్కనే సాగాయి. 2000లో వచ్చిన మూడవ కూర్పు పేరులో 'అడ్వాన్స్‌డ్' అన్న మాట తొలగించారు. 1981 నాటి సులభ నియమాలను కొత్త పుస్తకాలుగా తిరిగి కూర్చుకొని ఆడేవారు మాత్రం నేటికీ ఉన్నారు.