వారంటీకి మన దేశంలో జవాబుదారీ ఎవరు?

గ్రాఫిక్స్ కార్డు కొనబోయేవాళ్లు మెమరీ ఎంత, ధర ఎంత అని నాలుగు షాపుల్లో విచారిస్తారు. చెడిపోతే ఎవరు చూస్తారన్నది మాత్రం చెడిపోయాకే అడుగుతారు. ఎన్‌విడియా, ఏఎండీ చిప్‌లతోనే ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, జోటాక్ లాంటి కంపెనీలు తమ తమ పేర్లతో కార్డులు తయారుచేస్తాయి. చిప్ ఒకటే అయినప్పుడు వేగంలో తేడా కొద్దిపాటిదే. తేడా వచ్చేదల్లా వారంటీ షరతుల్లో. కాలిన మచ్చ, తుప్పు, విరిగిన పిన్ను కనిపిస్తే బాగుచేయం అనే షరతు చాలా కంపెనీలకు ఉంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, దుమ్ము ఉన్న కర్నూలు, కడపల్లో పెళ్లి వీడియోల మిక్సింగ్‌కు గంటల తరబడి నడిచే కార్డు విషయంలో ఆ చిన్న అక్షరాలు కొనకముందే చదవాలి.

కంపెనీని ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూడమనేది ఒకటే: మన దేశంలో దానికి జవాబు చెప్పే మనిషి ఎవరు? 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కార్డు హైదరాబాదులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా కర్నూలు వాసికి కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషనే చాలు. అయితే నోటీసు అందుకోవడానికి ఒక చిరునామా ఉండాలి కదా. అందుకే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయో లేవో చూడండి. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. రెండు మూడు వేలు తక్కువని కచ్చా బిల్లు మీద, దిగుమతిదారు పేరు లేని సరుకు కొంటే చట్టం ఇచ్చిన ఆ సౌకర్యాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

వ్యాపారానికి కొన్నది కాబట్టి మీరు వినియోగదారు కాదని కంపెనీ లాయరు వాదించవచ్చు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి తాను వాడుకునే వస్తువు కొన్నవారు వినియోగదారులేనని చట్టంలోనే వివరణ ఉంది. సొంతంగా స్టూడియో నడుపుకునేవారికి అది రక్ష. వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలన్న షరతు కూడా అడ్డు కాదు. ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే నిర్మాణ సంస్థ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. ఇక సీలు స్టిక్కరు చింపితే వారంటీ పోతుందనే బెదిరింపు ఉంది. 2024 జులైలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ స్టిక్కర్ల గురించే జోటాక్, గిగాబైట్, ఏఎస్‌రాక్‌లను హెచ్చరించింది. అక్కడ 1975 నాటి ప్రత్యేక చట్టం ఉంది, మనకు అలాంటిది లేదు. కాబట్టి దుమ్ము దులపడానికి కార్డు విప్పే ముందు షరతులు చూసుకోవడమే క్షేమం.

ఇంత చిన్న మొత్తానికి కేసెందుకు అన్న మాటనూ తోసిపుచ్చలేం. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా ఆలస్యాలు జరుగుతాయి. కానీ చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. కేసు దాకా వెళ్లేలోపు 1915 నంబరులోని వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఏ దారిన వెళ్లినా కావలసింది రుజువు. సర్వీసుకు పంపే ముందు పిన్నులు, సీరియల్ నంబరు, ప్యాకింగ్ ఫొటోలు తీసి పెట్టుకోండి. వాళ్లిచ్చే జవాబు ఫోన్లో కాక ఈమెయిల్‌లో రప్పించుకోండి.