కంప్యూటరులో డిజైనుల వరుస

జాకార్డు అట్టలను దారముతో కుట్టి మాలగా కట్టిన తరువాత వాటి వరుస మారదు. ఆ అలవాటులో పెరిగిన మనము, కంప్యూటరులో దాచిన డిజైనులు కూడ పెట్టిన చోటనే ఉండునని నమ్ముచున్నాము. అక్కడనే మోసపోవుచున్నాము.

మా ఇంట జరిగినదే చెప్పెదము. మా పెద్దన్నగారు తెరమీద అంచులన్నిటిని ఎడమప్రక్క, బుటాలను నడుమ, కొంగులను కుడిప్రక్క చేతితో జరిపి అమర్చుకొనిరి. వారికి ఇంగ్లీషు చదువ రాదు. పైనుండి మూడవది మామిడిపిందె అంచు అని చోటును బట్టియే తీసెడివారు. 2010లో కంప్యూటరు మార్చి విండోస్ 7 వేయించితిమి. మరునాడు చూడగా అన్నియు పేర్ల వరుసలో కలగాపులగమై యున్నవి. ఆ పేర్లయినను న్యూ1, న్యూ2 అని పెట్టినవే! పిల్లలెవరో కదిపిరని కోప్పడితిమి. పాపము, వారి తప్పు లేదు. అన్నగారు అలవాటుకొద్ది మూడవదానిని తీసి అట్టలు కొట్టించిరి. రెండును పిందెల అంచులే గనుక జానెడు నేసిన పిమ్మట గాని పొరపాటు బయటపడలేదు. అట్టల కూలి, పట్టు, మూడు దినముల పని పోయినవి. ఆపైన చాలకాలము వారు కంప్యూటరు ముట్టలేదు.

సంగతి ఏమనగా, విండోస్ ఎక్స్‌పీ, విస్టాలలో ఫోల్డరు లోపల బొమ్మలను మన ఇష్టము వచ్చినచోట నిలుపుకొన వీలుండెడిది. 2009లో వచ్చిన విండోస్ 7 నుండి ఆ వీలు తీసివేసిరి. డెస్క్‌టాపు మీద మాత్రము మిగిలినది. అక్కడ ఖాళీచోట కుడి మీట నొక్కి, "వ్యూ"లో "ఆటో అరేంజ్ ఐకాన్స్" ఎదుట టిక్కు లేకుండ చూచుకొనవలెను. మరల 2019 మేలో వచ్చిన విండోస్ 10 అప్‌డేటుతో డౌన్‌లోడ్స్ ఫోల్డరు పేర్ల వరుస విడిచి, "ఈరోజు", "నిన్న" అని తేదీల గుంపులుగా మారెను. బేరగాడు పంపిన డిజైను కనబడక కంగారుపడినవారు మనలో ఉందురు. దానికి విరుగుడు సులభమే. ఖాళీచోట కుడి మీట నొక్కి, "గ్రూప్ బై"లో "నన్", "సార్ట్ బై"లో "నేమ్" ఎంచుకొనిన పాత వరుస వచ్చును.

తేదీ వరుసను మేము మెచ్చము. పాత డిజైనులో ఒక్క చుక్క దిద్ది భద్రపరచినను అది క్రొత్తదానివలె ముందుకు దుమికి కూర్చుండును. కావున వరుసను పేరులోనే కట్టుకొనవలెను. ఒక్కొక్క చీరకు ఒక ఫోల్డరు, అందులో 01 అంచు, 02 బుటా, 03 కొంగు. సున్న ఎందుకనగా, కొన్ని యంత్రములు అంకెను కూడ అక్షరమువలెనే చూచును. వాటిలో 10 ముందు వచ్చి 2 వెనుకబడును. పేర్లు మార్చుటకు ముందు అన్నిటిని ఒక పెన్‌డ్రైవులో నకలు తీసి ఉంచవలెను. ఆ పని మాకు రెండు ఆదివారములు పట్టినది.

చదువు రాని పెద్దల మాట వేరు. వారికి "వ్యూ"లో "ఎక్స్‌ట్రా లార్జ్ ఐకాన్స్" పెట్టి ఇచ్చినచో, బీఎంపీ ఫైలుగా దాచిన డిజైను బొమ్మయే పెద్దదిగా కనబడును. మా అన్నగారు ఇప్పుడు పిందె తొడిమను చూచి అంచును పట్టుచున్నారు. మేము పేరు చదువులోపల వారు తెరచి కూర్చుందురు.