ముందు రాయిని చూడు, తర్వాత అంకెను

చిరంజీవి సౌమ్యకు,

ఉస్మానియాలో అప్లైడ్ జియోకెమిస్ట్రీలో నీకు సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. డిగ్రీలో కెమిస్ట్రీ, జియాలజీ రెండూ ఇష్టంగా చదివినదానివి, నీకు తగిన కోర్సే దొరికింది. అయితే మినరాలజీ అంటే పేర్లూ ఫార్ములాలూ బట్టీ పట్టడమేననీ, అసలు పనంతా ల్యాబులో మెషీన్ల దగ్గరే ఉంటుందనీ ఎవరో నీతో అన్నారట. ఆ మాట మనసులో పెట్టుకోకు. ఎందుకో మన జిల్లా నీళ్లతోనే చెబుతాను.

నల్లగొండ పల్లెల్లో ఫ్లోరోసిస్ మనుషుల ఎముకలను ఏం చేసిందో చూస్తూనే పెరిగావు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే వసతి లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లలో దానికి కొన్ని రెట్లు తేలిన ఊళ్లున్నాయి. ఆ అంకెను ఎలక్ట్రోడ్ ముంచి ఎవరైనా చెప్పగలరు. ఆ ఫ్లోరైడ్ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలంటే మాత్రం మన గ్రానైటులోని ఖనిజాలు తెలిసుండాలి.

అందులో నల్లగా మెరిసే అభ్రకం ఉంటుంది కదా, బయోటైట్. దాని నిర్మాణంలో హైడ్రాక్సిల్‌కు ఒక చోటుంది. ఫ్లోరైడ్ అయాన్‌కు ఛార్జ్ అదే, సైజూ దాదాపు అంతే. అందుకే మాగ్మా గడ్డకట్టేటప్పుడే ఆ చోట్లో కూర్చుంటుంది. కోట్ల ఏళ్ల తర్వాత రాతి పగుళ్లలో క్షారగుణం ఉన్న నీరు నిలిచినప్పుడు, ఆ నీటిలోని హైడ్రాక్సిల్ వచ్చి ఫ్లోరైడ్‌ను బయటికి నెడుతుంది. అపటైట్, ఫ్లోరైట్ కూడా తమ వంతు కలుపుతాయి. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి ఫ్లోరైట్‌గా కొంత దిగిపోయేది. మన ఎండలకు నీరు ఆవిరై, కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే ఆగిపోతుంది. ఇక ఫ్లోరైడ్‌కు అడ్డులేదు. చూశావా, ఇందులో ఖనిజశాస్త్రం ఎక్కడ ఆగింది, రసాయనం ఎక్కడ మొదలైంది? విడదీయలేం. నేను నీకు చెప్పదలచింది కూడా ఇదే: ఏ అంకె చేతికొచ్చినా, ఆ మూలకం ఏ ఖనిజంలో కూర్చుని ఉందో అడగకుండా ముందుకు పోకు.

అందుకు మొదటి ఏడాదంతా మైక్రోస్కోప్ దగ్గర కూర్చో. థిన్ సెక్షన్ మందం 0.03 మిల్లీమీటర్లు ఉండాలి. సరిగ్గా అరగదీసి ఉంటే క్రాస్డ్ పోలార్స్‌లో క్వార్ట్జ్ బూడిద, తెలుపు రంగుల్లో కనిపిస్తుంది. పసుపు తిరిగిందంటే సెక్షన్ ఇంకా మందంగా ఉందన్నమాట. బయోటైట్ అయితే ఒక్క పోలరైజర్‌తోనే చూస్తూ స్టేజి తిప్పుతుంటే లేత పసుపు నుంచి ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. ఇవి చదివితే వచ్చేవి కావు, రోజూ చూస్తుంటే కంటికి పడతాయి. మైక్రోస్కోప్ లేని చోట చేతినే నమ్ముకోవాలి. మంగంపేట వెళ్తే అక్కడి ముగ్గురాయిని (బెరైట్) ఒక చేత్తో, అంతే సైజు పలుగురాయిని (క్వార్ట్జ్) ఇంకో చేత్తో పట్టుకో. ముగ్గురాయి సాంద్రత 4.5, పలుగురాయిది 2.65. బరువే దాని పేరు చెప్పేస్తుంది.

ల్యాబులోనూ ఇదే జ్ఞానం కాపాడుతుంది. రాతిపొడిని మామూలుగా ఆసిడ్లలో కరిగిస్తే జిర్కాన్ గింజలు పూర్తిగా కరగకుండా అడుగున మిగిలిపోతాయి. మెషీన్ నిక్కచ్చిగానే కొలుస్తుంది, జిర్కోనియం మాత్రం తక్కువ చూపిస్తుంది. రాతిలో జిర్కాన్ ఉందని ముందే తెలిసినవాళ్లు ఫ్యూజన్ పద్ధతికి వెళ్తారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక ప్రామాణిక నమూనా, ఒక ఖాళీ నమూనా తప్పకుండా పెట్టు. ఇంకోటి గుర్తుంచుకో. ఆక్సైడ్ల శాతాలన్నీ కలిపితే 100. సిలికా పెరిగితే మిగిలినవి తగ్గక తప్పదు. ఆ తగ్గుదల చూసి ప్రకృతి రహస్యం దొరికిందనుకుని గ్రాఫులు గీసెయ్యకు.

ఫిజికల్ కెమిస్ట్రీ పుస్తకాలు అటకెక్కించొద్దు. థర్మోడైనమిక్స్, ఫేజ్ డయాగ్రాములు ఇక్కడ రోజూ పనికొస్తాయి. అయాన్ల సైజును బట్టి మూలకాలు ఖనిజాల్లో ఎలా సర్దుకుంటాయో చూపిన గోల్డ్‌ష్మిట్ గురించి శ్రద్ధగా చదువు. మన బయోటైట్ కథకు మూలం ఆ ఆలోచనలోనే ఉంది.

ఉద్యోగం గురించి మీ అమ్మ బెంగపడుతోందట. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) పోస్టులకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది, పరిశోధనకు గేట్ ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), అణు ఖనిజాల డైరెక్టరేట్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకుని రెండో ఏడాది నుంచి సిద్ధమైతే చాలు. మొదటి ఏడాదిని కోచింగులకు ధారపోయకు.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. వచ్చిన జబ్బుకు అది మందు. ఆ నీళ్లు ఎందుకలా అయ్యాయో, బోరు ఎక్కడ వేస్తే ముప్పు తక్కువో ఊరివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగేవాళ్లు ఇంకా కావాలి. అంత చదువు నువ్వు చదవగలవని నా నమ్మకం. దసరా సెలవులకు వచ్చినప్పుడు నీ ఫీల్డ్ నోట్‌బుక్ తెచ్చి చూపించు. వేళకు తిను, ఆరోగ్యం జాగ్రత్త.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న