రెండు వందల వాట్ల ఎల్‌ఈడీ కొనే ముందు

అల్లుడూ,

కొత్తగా కొన్న పాత ఆల్టోలో రాత్రిపూట దారి సరిగా కనిపించడం లేదన్నావు. ఆన్‌లైన్‌లో "200 వాట్లు, 20,000 ల్యూమెన్లు" అని ఊరించే ఎల్‌ఈడీ జత చూశాననీ, ఇంట్లోనే బిగించుకోవచ్చా అనీ అడిగావు. బిగించడం పెద్ద పనేం కాదు. బిగించాక దారి కనిపిస్తుందా, లేక ఎదురొచ్చే లారీ డ్రైవరుకు కళ్లు బైర్లు కమ్ముతాయా అన్నదే అసలు సంగతి. అది తేలాలంటే ముందు ఇప్పుడు నీ బండిలో ఉన్న బల్బు గాజు గొట్టం లోపల ఏముందో చూడాలి.

ఆల్టో, వ్యాగన్‌ఆర్ లాంటి కార్లలో ఉండేది హెచ్4 బల్బు. వెనక మూడు పిన్నులు, లోపల రెండు ఫిలమెంట్లు. 60 వాట్లది హై బీముకు, 55 వాట్లది డిమ్ముకు. మెకానిక్ షెడ్డులో పారేసిన బల్బు ఒకటి అడిగి తెచ్చుకుని, కిటికీ దగ్గర పట్టుకుని చూడు. డిమ్ ఫిలమెంట్ కింద గోరంత లోహపు దొప్ప కనిపిస్తుంది. కథంతా ఆ దొప్పలోనే ఉంది. ఫిలమెంట్ నుంచి కిందికి పోయే వెలుగును అది ఆపేస్తుంది. పైకి పోయిన వెలుగు ఒక్కటే రిఫ్లెక్టరు పై సగానికి తగిలి, రోడ్డు మీదికి వాలుతుంది. ఆ దొప్ప అంచే గోడ మీద వెలుగుకూ చీకటికీ మధ్య గీతగా పడుతుంది. మనం ఎడమన నడుపుతాం కాబట్టి ఆ గీత కుడివైపు సమంగా ఉండి, ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది. ఎదురు బండివాడి కంట్లో పడకుండా, ఎడమ మార్జిన్‌లో నడిచే మనిషి మాత్రం కనిపించేలా చేసిన ఏర్పాటు అది. 1971లో వచ్చిన డిజైను ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే ఊరికే కాదు.

ఇక ఎల్‌ఈడీ సంగతి. అందులో మెరిసే చిప్పులు పలకకు రెండు వైపులా అతికించి ఉంటాయి. ఫిలమెంట్ చుట్టూరా వెలుగుతుంది, ఇవి రెండు దిక్కులకే వెలుగుతాయి. ఆ రిఫ్లెక్టరు వంపు తీర్చింది ఫలానా చోట ఉండే సన్నటి ఫిలమెంట్ కోసం. వెలుగు పుట్టే చోటు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా గోడ మీద గీత చెదిరిపోతుంది. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి బండి ముందున్న నాలుగు గజాలు పాలనురుగులా తెల్లగా కనిపించి "అబ్బ, ఎంత వెలుగో!" అనిపిస్తుంది. కన్ను ఆ తెలుపుకు అలవాటు పడటంతో వంద మీటర్ల అవతల ఉన్న గేదె మరింత చీకట్లోకి పోతుంది. ల్యూమెన్ల అంకెలనైతే అసలు పట్టించుకోవద్దు. ప్రమాణాల ప్రకారం హెచ్4 బల్బు 13.2 వోల్టుల దగ్గర డిమ్‌లో ఇవ్వాల్సింది సుమారు 1,000 ల్యూమెన్లు, హై బీములో 1,650. గుప్పిట్లో పట్టే ఆ చిన్న ఫ్యాను 200 వాట్ల వేడిని తోసేయగలదంటే నమ్మడం కష్టం.

ఎల్‌ఈడీలన్నీ పనికిరానివని కాదు. 2020లో జర్మనీలో ఓస్రామ్ వారి హెచ్7 ఎల్‌ఈడీ బల్బుకు రోడ్డు మీద వాడుకోవడానికి అనుమతి వచ్చింది. అదీ కారు మోడలు వారీగా, ఏ హెడ్‌లైటులో పెట్టి పరీక్షించారో దానికే. ఒకే బల్బు ఒక కారులో సరిపోయి ఇంకో కారులో ఎదుటివాడి కళ్లలో పొడుస్తుందన్నమాట. మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు (1989) కూడా లెక్క చెప్పాయి. ఎనిమిది మీటర్ల దూరంలో, కళ్లు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న మనిషికి హెడ్‌లైటు వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. పాత రోజుల్లో హెడ్‌లైటు మీద నల్ల రంగు పూసింది కూడా ఈ బాధ తప్పించడానికే.

మరి నీ ఆల్టోకు ఏం చేయాలి? మొదట హెడ్‌లైటు అద్దం చూడు. అద్దం అంటాం గానీ అది ప్లాస్టిక్, పాలికార్బనేట్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొర పచ్చబడి మసకేస్తుంది. చుట్టూ పెయింటుకు టేపు అంటించి, 1000 నంబరు వాటర్ పేపరుతో, తర్వాత 2000తో నీళ్లు పోస్తూ రుద్ది, పాలిషింగ్ కాంపౌండు పట్టించి, యూవీ పూత వేయాలి. టూత్‌పేస్టు చిట్కాకూ మెరుస్తుంది, పూత లేక మళ్లీ పచ్చబడుతుంది. చాలా పాత కార్లకు ఈ ఒక్క పని చేస్తే కొత్త బల్బు అవసరమే రాదు.

రెండోది కరెంటు. పంపుకు దూరమైన కుళాయిలో ధార సన్నబడినట్టు, స్విచ్చు గుండా సన్నటి తీగల్లో తిరిగి వచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. 13.2 వోల్టుల బల్బుకు 12 వోల్టులే అందితే పోయేది పదో వంతు వెలుగు కాదు, పావు వంతు పైమాటే. ఇంజను నడుస్తుండగా, లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు కప్లరు వెనక ఒకసారి మల్టీమీటరు పెట్టి చూడు. అర వోల్టు మించి తేడా ఉంటే ఎర్త్ బోల్టు తుప్పు గీకడం, రిలే కిట్ వేయించడం ఉపయోగం. 100/90 వాట్ల బల్బు వేయమని కొట్టువాడు ఎంత చెప్పినా వద్దు. 60 వాట్లకు ఒక్కో బల్బు లాగేది 5 ఆంపియర్లు, 100కైతే 8 దాటుతుంది. కప్లరు కరుగుతుంది, రిఫ్లెక్టరు మెరుపు మాడుతుంది.

బల్బే కొనాలంటే మంచి కంపెనీ 60/55 జత చాలు. దాని మీద వృత్తంలో ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం, పక్కన అంకె ఉందో లేదో చూసుకో. "130 శాతం ఎక్కువ" అని రాసినవాటిలో ఫిలమెంట్‌ను ఇంకా వేడిగా వెలిగిస్తారు. దారి బాగా కనిపిస్తుంది, ఆయుష్షు తగ్గుతుంది. నీలం పూసిన బల్బుల జోలికి పోకు. ఆ పూత ఉన్న వెలుగులో కొంత మింగేస్తుంది, వానలో అది ఇంకా తెలుస్తుంది.

మార్చేటప్పుడు ఇంజను ఆపి, బల్బు చల్లారే దాకా ఆగు. తీగలు పట్టకుండా కప్లరు ప్లాస్టిక్‌నే పట్టి అటూ ఇటూ కదుపుతూ లాగు. దాని వెనక రబ్బరు కవరు, ఆ వెనక స్ప్రింగు క్లిప్పు. క్లిప్పు ఎలా పట్టుకుని ఉందో ముందే ఫోనుతో ఫొటో తీసుకో, బిగించేటప్పుడు చేత్తో తడుముకోవడమే తప్ప కంటికి ఆనదు. బల్బు అంచుకు మూడు చెవులుంటాయి. ఒక్క తీరులోనే కూర్చుంటుంది, బలవంతం చేయాల్సి వచ్చిందంటే తప్పు పెడుతున్నావన్నమాట. గాజును వేళ్లతో తాకొద్దు. హాలోజన్ బల్బులో ఆవిరైన టంగ్‌స్టన్ మళ్లీ ఫిలమెంట్‌కు చేరాలంటే గాజు గోడ 250 డిగ్రీలకు పైనే కాగాలి. వేలి జిడ్డు ఉన్న చోట అది మరీ కాగి, గాజు పాడై పగలవచ్చు. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచెయ్. రబ్బరు కవరు మీద "టాప్" అని ఉన్న వైపు పైకి రావాలి, లేకపోతే లోపల నీళ్లు చేరతాయి.

చివరికి గోడ దగ్గరికి రా. బండిని చదునైన చోట, గోడకు 10 మీటర్ల దూరంలో, టైర్లలో గాలి సరిచూసి నిలుపు. డిమ్ గీత హెడ్‌లైటు మధ్య ఎత్తుకు సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి. పైనుంటే హెడ్‌లైటు వెనక మరను కొద్దికొద్దిగా తిప్పు. డ్యాష్‌బోర్డు మీద సున్నా నుంచి అంకెలున్న చిన్న చక్రం నీ బండికి ఉంటే, ఈ కొలత తీసేటప్పుడు అది సున్నాలో ఉండాలి. వెనక సీటు నిండి, డిక్కీలో సామాను పడ్డప్పుడు బండి ముక్కు లేస్తుంది, అప్పుడు పై అంకెకు తిప్పు. సామాను దించాక మళ్లీ సున్నాకు తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ మామయ్య